జవాబు అడిగే స్త్రీలు: గాంగ్ లీ నటనా ప్రస్థానం

1991లో వచ్చిన 'రైజ్ ద రెడ్ లాంటర్న్' ఒక ముఖంతో మొదలవుతుంది. రెండు జడల అమ్మాయి, పంతొమ్మిదేళ్లు, కెమెరాకు ఎదురుగా నిలబడి సవతి తల్లితో మాట్లాడుతూ ఉంటుంది. తల్లి గొంతే వినిపిస్తుంది, మనిషి కనిపించదు. తండ్రి చనిపోయాడు, విశ్వవిద్యాలయం చదువు మధ్యలో ఆగిపోయింది, ఇక పెళ్లి తప్పదు. డబ్బున్నవాడినే చేసుకుంటానంటుంది అమ్మాయి. అలాంటి ఇంటికి వెళ్తే ఉన్న పెళ్లాల మీద మరో పెళ్లాంగా బతకాలని తల్లి గొంతు హెచ్చరిస్తుంది. అయితే అలాగే కానివ్వండి, ఆడదాని రాత అదేగా అని జవాబు. షాట్ ఎక్కడా తెగదు, కెమెరా కదలదు. మాటలు అయిపోయే వేళకు కన్నీళ్లు చెంపల మీదికి జారతాయి. తుడుచుకోవడానికి చెయ్యి పైకి లేవదు.

ఈ షాట్ బలమంతా గొంతుకూ కళ్లకూ మధ్య ఉన్న వైరుధ్యంలో ఉంది. గొంతులో ఏడుపు జాడ లేదు. పట్టుదల ఉంది, కాస్త ఎత్తిపొడుపు ఉంది. తనను అమ్ముతున్నారని ఆమెకు తెలుసు. బేరం కూడా తానే కుదుర్చుకుంటున్నట్టు మాట్లాడుతుంది. కళ్లు మాత్రం ఆ బేరంలో పోయేదేమిటో అప్పటికే లెక్కగట్టేశాయి. సినిమా అంతా ఆ రెండింటి మధ్యే నడుస్తుంది.

ఆ నటి గాంగ్ లీ. చైనా సినిమా గురించి ప్రపంచంలో ఎక్కడ మాట్లాడుకున్నా మొదట వినిపించే పేర్లలో ఆమెది ఒకటి. అయితే ఆమె గురించి రాసేవారు చాలామంది రెండు మాటలతో సరిపెడతారు: ఆమె అందం, ఆమెను తెరకు పరిచయం చేసిన దర్శకుడు జాంగ్ యిమో. రెండూ నిజాలే, కానీ ఆమె నటనను వివరించడానికి రెండూ చాలవు. ఆమె వేసిన గొప్ప పాత్రల్లో దాదాపు అన్నీ అన్యాయానికి గురైన స్త్రీలవే. అయినా వాళ్లెవరూ జాలి కోరరు. భర్తనో, తండ్రినో, ఊరి పెద్దనో, ప్రభుత్వాన్నో నిలదీస్తారు, జవాబు అడుగుతారు. అది దొరక్కపోయినా అడగడం మానరు. ఈ మొండితనం కథల్లోనూ ఉండవచ్చు. దానికి ఒక నడక, ఒక చూపు, ఒక మౌనం ఇచ్చి నమ్మించింది మాత్రం నటి.

గాంగ్ లీ 1965 డిసెంబర్ 31న ఈశాన్య చైనాలోని షెన్యాంగ్‌లో పుట్టారు. పెరిగింది షాన్‌డాంగ్ రాష్ట్ర రాజధాని జినాన్‌లో. చదువుకున్న కుటుంబం, ఐదుగురు పిల్లల్లో ఆఖరి సంతానం. మొదట సంగీతం మీద మనసు పెట్టినా, ప్రవేశ పరీక్షల్లో విఫలమైన తరువాత 1985లో బీజింగ్‌లోని సెంట్రల్ అకాడమీ ఆఫ్ డ్రామాలో నటన విద్యార్థినిగా చేరారు. ఆ చదువు పూర్తికాకముందే జాంగ్ యిమో ఆమెను ఎంపిక చేసుకున్నారు.

అప్పటి చైనా సినిమా పరిస్థితి తెలిస్తే ఆ ఎంపిక విలువ అర్థమవుతుంది. మావో నాయకత్వంలో 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవం పదేళ్లలో వెండితెర మీద మిగిలింది ప్రధానంగా విప్లవ సంగీత నాటకాలు. వాటిలోని కథానాయికలకు ఆశయాలు ఉండేవి గానీ కోరికలు ఉండేవి కావు. 1978లో బీజింగ్ ఫిల్మ్ అకాడమీ మళ్లీ తలుపులు తెరిచింది. అప్పుడు చేరి 1982లో బయటికి వచ్చిన బృందాన్నే 'ఐదో తరం' అంటారు. జాంగ్ యిమో, చెన్ కైగె ఆ తరగతి వారే. జాంగ్ యిమో అంతకుముందు పొలాల్లో, నూలు మిల్లులో పనిచేసిన మనిషి. సినిమాల్లో ఛాయాగ్రాహకుడిగా అడుగుపెట్టి, దర్శకుడిగా తొలి చిత్రానికి మో యాన్ రాసిన 'రెడ్ సోర్గమ్' నవలను తీసుకున్నారు. ఆ మో యాన్‌కే 2012లో నోబెల్ బహుమతి వచ్చింది.

నవలలోని పల్లెటూరి పడుచుకూ ఈ కాలేజీ అమ్మాయికీ పోలికే లేదని మో యాన్‌కు మొదట అనిపించింది. గాంగ్ లీ ఆయన సొంత ఊరు గావోమీ వెళ్లి, భుజాన కావడి వేసుకుని నీళ్లు మోయడం సాధన చేశారు. తెరమీద ఆ శ్రమ ఫలించింది. ఒక కంచరగాడిద కోసం తండ్రి కుష్ఠురోగి అయిన సారా బట్టీ యజమానికి కట్టబెట్టిన పెళ్లికూతురు ఆమె పాత్ర. బోయీలు పాట పాడుతూ పల్లకిని ఎగరేసి కుదిపే దృశ్యం ప్రసిద్ధం. కానీ ఆమె పాత్రను పట్టించేది ఆ తరువాతి క్షణం. ఎర్రజొన్న చేల మధ్య దోపిడీ దొంగ అడ్డగించి పల్లకి తెర తొలగిస్తే ఆ అమ్మాయి వాడి కళ్లలోకి చూసి నవ్వుతుంది. భయపడాల్సిన చోట నవ్వడంతో దృశ్యంలో పెత్తనం చేతులు మారిపోతుంది. పుట్టింటికి వచ్చినప్పుడు తండ్రి మీద విరుచుకుపడే తీరులోనూ అదే తెగువ. 1988 ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవంలో ఆ సినిమా అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. చైనా చిత్రానికి ఆ బహుమతి అదే మొదటిసారి. గాంగ్ లీకి అప్పటికి ఇరవై రెండేళ్లు.

1990లో వచ్చిన 'జు దో' కథ బట్టల అద్దకం పనివారి ఇంట్లో నడుస్తుంది. డబ్బు పెట్టి కొనుక్కున్న భార్యను ముసలి యజమాని రాత్రుళ్లు హింసిస్తుంటాడు. ఆమె స్నానం చేసే చోటుకు గోడలో రంధ్రం చేసి యజమాని పెంచుకున్న కుర్రవాడు చూస్తుంటాడు. ఆ సంగతి ఆమెకు తెలుస్తుంది. మొదట రంధ్రం మూస్తుంది. తరువాత ఒకరోజు, అతను చూస్తున్నాడని తెలిసే, అటు తిరిగి నిలబడుతుంది. ఒంటి మీది దెబ్బలన్నీ అతనికి కనిపిస్తాయి. చాటుగా చూసేవాడికి సాక్షిగా నిలబడక తప్పని స్థితి అది. ఇంత ప్రమాదకరమైన దృశ్యం కేవలం నగ్నత్వంగా దిగజారకుండా ఆపింది ఆ ముఖంలోని నిందారోపణే. ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగంలో తుది పోటీకి చేరిన మొదటి చైనా సినిమా ఇది. చైనా ప్రభుత్వం మాత్రం దాన్ని పోటీ నుంచి ఉపసంహరించాలని కోరింది. 1992 దాకా సొంత దేశంలో అది ప్రదర్శనకు నోచుకోలేదు.

'రైజ్ ద రెడ్ లాంటర్న్'కూ ఇంట్లో అదే గతి, బయట అదే గౌరవం. వెనిస్ చిత్రోత్సవంలో సిల్వర్ లయన్, ఆస్కార్ నామినేషన్ దక్కాయి. సు తుంగ్ రాసిన చిన్న నవల దీనికి ఆధారం. ఏ భార్య గదికి ఆ రాత్రి యజమాని వస్తాడో ఆ వాకిట ఎర్ర లాంతర్లు వెలిగించడం నవలలో లేదు, సినిమా కల్పించింది. అందుకే చైనాలో కొందరు విమర్శకులు ఇవన్నీ విదేశీయులను మెప్పించడానికి అల్లిన ఆచారాలని మండిపడ్డారు. ఆ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయలేం. లాంతర్లు, ప్రాకారాలు, పట్టు దుస్తులు చూసి మురిసిపోయిన పాశ్చాత్య ప్రేక్షకులు తక్కువేమీ కాదు. అయితే ఆ సినిమా ఇప్పటికీ నిలబడడానికి కారణం గాంగ్ లీ పోషించిన సోంగ్లియాన్ మంచితనాన్ని నటించకపోవడం. ఆమె దాసీ మీద క్రూరంగా ప్రవర్తిస్తుంది. గర్భం వచ్చిందని అబద్ధం చెబుతుంది. తాగిన మత్తులో నోరు జారి మూడో భార్య ప్రాణం పోవడానికి కారణమవుతుంది. అణగారిన మనిషి తన కింద ఉన్న మరో మనిషిని ఎలా అణచగలదో ఈ పాత్ర దాపరికం లేకుండా చూపిస్తుంది. సానుభూతిని ఇంతగా వదులుకోవడానికి సిద్ధపడిన కథానాయికలు ఏ దేశపు సినిమాలోనైనా అరుదు.

మరుసటి ఏడాది, 1992లో, 'ద స్టోరీ ఆఫ్ చియు జు'. పట్టు బట్టల్లో నిటారుగా నడిచిన మనిషేనా అని నివ్వెరపోవలసిన మార్పు. వాయవ్య చైనా పల్లెలో నిండు గర్భిణి చియు జు. తలకు చుట్టిన గుడ్డ, లావుపాటి పత్తి కోటు, నడుము మీద చెయ్యి, రెండు కాళ్లూ ఎడంగా వేసే బరువైన నడక. మాట అక్కడి మాండలికంలోనే. చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది నటులు కారు, మామూలు జనం. పట్నం వీధుల దృశ్యాలను దాచిపెట్టిన కెమెరాలతో తీశారు. దేశమంతా తెలిసిన తార ఆ గుంపులో ఒకతెగా కలిసిపోవాలి, లేకపోతే షాట్ పనికిరాదు. కలిసిపోయింది.

కథ చూడటానికి చిన్నది. ఊరి పెద్దకు అందరూ కూతుళ్లే. చియు జు భర్త ఆ సంగతి ఎత్తి వెటకారం చేస్తాడు. ఊరి పెద్ద కోపంతో అతన్ని తొడల మధ్య తన్నుతాడు. చికిత్సకు డబ్బు ఇస్తానంటాడు గానీ తప్పయిందని మాత్రం అననంటాడు. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. డబ్బు ఇచ్చే దృశ్యాన్ని వివరంగా చూడాలి. ఊరి పెద్ద ఆ నోట్లను ఆమె చేతికివ్వడు, నేల మీదికి విసురుతాడు. ఒక్కో నోటుకు ఒక్కోసారి తన ముందు వంగి ఏరుకోవాలన్నమాట. గాంగ్ లీ ఇక్కడ ఆవేశపడదు, కళ్లు పెద్దవి చేయదు. నోట్ల వైపు చూస్తుంది, మనిషి వైపు చూస్తుంది, వెనుదిరిగి నడుస్తుంది. అవమానం అర్థం కావడానికి ఆమెకు కొన్ని క్షణాలు పట్టినట్టు, అర్థమయ్యాక ఇక చర్చే లేనట్టు ఉంటుంది ఆ నడక. ఎండుమిరపకాయలు అమ్మి దారిఖర్చులు కూడగట్టుకుని, ఆడబిడ్డను వెంటబెట్టుకుని ఆమె పై అధికారుల దగ్గరికి, జిల్లాకు, నగరానికి, చివరికి న్యాయస్థానానికి వెళ్తుంది. ప్రతి చోటా కొత్తగా మొదటి నుంచి చెప్పుకోవాలి. ప్రతిసారీ అదే ఓపిక, అదే మొండి స్వరం.

ప్రసవం కష్టమైన రాత్రి ఆమెను ఆసుపత్రికి చేర్చి ప్రాణం నిలబెట్టేది ఆ ఊరి పెద్దే. పగ కరిగిపోతుంది. బిడ్డ నెల పండుగకు అతన్ని పిలుస్తుంది. సరిగ్గా అదే రోజు పాత ఫిర్యాదు ఫలితం వస్తుంది: భర్తకు పక్కటెముక విరిగిందని ఎక్స్‌రేలో తేలిందట, పోలీసులు పెద్దను పట్టుకుపోయారట. ఆమె అడిగింది క్షమాపణ, చట్టం ఇచ్చింది అరెస్టు. పరుగెత్తుకుంటూ రోడ్డు మీదికి వచ్చిన ఆమె ముఖం మీద సినిమా ఆగిపోతుంది. గెలిచిన మనిషి ముఖం కాదది. తాను కదిపిన యంత్రం తన చేతుల్లో లేదని అప్పుడే తెలిసిన మనిషి ముఖం. ఆ సినిమాకు వెనిస్‌లో అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్, గాంగ్ లీకి ఉత్తమ నటిగా వోల్పీ కప్ వచ్చాయి. తరువాత చైనాలోని గోల్డెన్ రూస్టర్ పురస్కారమూ దక్కింది. ఆమె మొత్తం కృషిలో ఒక్క చిత్రాన్నే ఎంచుకోవాలంటే ఇదే ఎంచుకోవాలి.

గాంగ్ లీని జాంగ్ యిమో చెక్కిన శిల్పంగా వర్ణించేవారికి సమాధానం 1993లోనే ఉంది. చెన్ కైగె తీసిన 'ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్' ఇద్దరు మగ నటుల కథ, పెకింగ్ ఒపేరా అనే చైనా సంప్రదాయ సంగీత నాటకం నేపథ్యం. వారిలో ఒకరిని పెళ్లాడే వేశ్య జుషియాన్ పాత్ర గాంగ్ లీది. కథ ప్రకారం ఆమె ఇద్దరి మధ్యకు వచ్చిన మనిషి, ప్రేక్షకుడు అసహ్యించుకోవడానికి అన్ని అవకాశాలూ ఉన్న పాత్ర. వేశ్యాగృహం వదిలేటప్పుడు నగలు, చివరికి కాళ్లకున్న చెప్పులు కూడా విప్పి యజమానురాలి ముందు పెట్టి ఉత్త కాళ్లతో బయటికి నడుస్తుంది. ఆ తరువాత నల్లమందు మానలేక వణికిపోతున్న ప్రత్యర్థిని, తన భర్తను తనకన్నా ముందు ప్రేమించిన మనిషిని, బిడ్డను పొదువుకున్నట్టు పొదువుకుంటుంది. సాంస్కృతిక విప్లవం నాటి బహిరంగ విచారణలో, ప్రాణభయంతో భర్త ఆమెను ప్రేమించలేదని జనం ముందు అరుస్తాడు. ఆమె అప్పుడు ఏమీ అనదు. మంటల్లోంచి కాపాడిన కత్తిని ఆ ప్రత్యర్థికే తిరిగి అప్పగించి, ఒక్క చూపు చూసి వెళ్లిపోతుంది. పెళ్లి బట్టలు కట్టుకుని ఉరివేసుకుంటుంది. ఈ సినిమా ఆ ఏడాది కేన్స్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్‌ను మరో చిత్రంతో కలిసి పంచుకుంది. చైనా సినిమాకు అదే తొలి పామ్ డోర్. న్యూయార్క్ విమర్శకుల సంఘం ఉత్తమ సహాయ నటిగా ఆమెను గౌరవించింది. మూడు గంటలకు దగ్గరైన సినిమాలో ఆమె భాగం పెద్దది కాదు. కానీ ఆమె తెరమీదికి వచ్చాకే ఇద్దరు మగవాళ్ల కథకు ఇంకో మనిషి చెల్లించిన మూల్యం లెక్కలోకి వస్తుంది.

1994లో యు హువా నవల ఆధారంగా జాంగ్ యిమో తీసిన 'టు లివ్'లో గాంగ్ లీ జియాజెన్ అనే భార్య, తల్లి. యుద్ధాలూ ఉద్యమాలూ ఒకదాని వెంట ఒకటి ఇంటి మీదుగా వెళ్తుంటాయి. కొడుకు చావుకు కారణమైన కుటుంబ మిత్రుణ్ణి ఆమె ఏళ్ల తరబడి గడప తొక్కనివ్వదు. అతను అధికారం పోగొట్టుకుని, భార్యనూ కోల్పోయి, ఇక బతకలేనంటూ ఒక రాత్రి వచ్చినప్పుడు ఇంట్లోకి రమ్మని పిలిచేది కూడా ఆమే. క్షమించానన్న ప్రకటన ఏదీ ఉండదు. కేన్స్‌లో గ్రాండ్ ప్రీ, భర్తగా నటించిన గె యోకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చాయి. చైనాలో సినిమా నిషేధానికి గురైంది. విదేశీ పెట్టుబడితో సినిమాలు తీయకుండా జాంగ్ యిమోపై కొంతకాలం ఆంక్షలు పడ్డాయి.

1995లో 'షాంఘై ట్రయాడ్'తో వారిద్దరి వ్యక్తిగత బంధమూ వృత్తి బంధమూ తెగిపోయాయి. పత్రికలు ఈ విషయం మీద రాసినంత ఆమె నటన మీద రాయలేదంటే అతిశయోక్తి కాదు. 1996లో ఆమె సింగపూర్ వ్యాపారవేత్తను పెళ్లి చేసుకున్నారు. 2008లో సింగపూర్ పౌరసత్వం తీసుకున్నప్పుడు చైనా ఇంటర్నెట్‌లో దేశద్రోహం దాకా ఆరోపణలు వెళ్లాయి. ఆ వివాహం 2010లో ముగిసింది. 2019లో ఫ్రెంచి సంగీతకారుడు జాన్ మిషెల్ జార్‌ను వివాహమాడారు. ఈ వివరాలు ఆమె పాత్రలకు తాళంచెవులేమీ కావు. వాటిని అలా వాడటం అన్యాయం కూడా. పౌరసత్వ వివాదం మాత్రం ఒక సంగతి బయటపెట్టింది. దేశం పరువుగా చూసుకున్న ముఖం మీద దేశం తనకు హక్కు ఉందనుకుంటుంది.

2000లో సున్ జౌ తీసిన 'బ్రేకింగ్ ద సైలెన్స్'లో వినికిడి లోపమున్న కొడుకును మామూలు బడిలో చేర్చడానికి తిరిగే ఒంటరి తల్లిగా ఆమె నటించారు. చియు జు పట్నం వచ్చి స్థిరపడితే ఇలాగే ఉంటుందేమో అనిపించే పాత్ర. మాంట్రియల్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. అదే ఏడాది బెర్లిన్ చిత్రోత్సవానికి, 2002లో వెనిస్‌కు ఆమె జ్యూరీ అధ్యక్షురాలు.

నటిగా ఆమె రెండో శిఖరం 2004లో, హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కర్ వై దగ్గర. 'ఈరోస్' అనే మూడు కథల చిత్రంలో ఆయన భాగం పేరు 'ద హ్యాండ్'. 1960ల హాంకాంగ్‌లో సంపన్నుల ప్రేయసిగా బతికే హువా అనే స్త్రీ, ఆమెకు బట్టలు కుట్టే కుర్ర దర్జీ. చాలాసేపు ఆమె కనిపించదు. దర్జీ బయట గదిలో కూర్చుంటే గోడ అవతల నుంచి ఫోనులో ఎవరితోనో సాగే ఆమె మాటలు మనకు వినిపిస్తాయి. మొదట్లో గొంతులో అధికారం. కొన్నేళ్లకు అదే గొంతులో బతిమాలటం, పరువు కాపాడుకోవడానికి తెచ్చిపెట్టుకున్న నవ్వు. చివరికి రోగంతో చౌకబారు హోటల్ గదిలో ఉన్నప్పుడు దర్జీ టేపు లేకుండా చేతులతోనే కొలతలు తీసుకుంటాడు. గొంతు ఒక్కదాంతో ఒక జీవితం కూలిపోవడాన్ని వినిపించిన నటన ఇది. గాంగ్ లీని ముఖసౌందర్యానికి కుదించేవారు ఈ అరగంట పైచిలుకు సినిమా చూడాలి.

హాలీవుడ్ ఆమెను ఎలా వాడాలో తెలుసుకోలేకపోయింది. 2005 నాటి 'మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా'లో అసూయాపరురాలైన హత్సుమోమోగా ఆమె మిగతా సినిమానంతా వెనక్కి నెట్టేశారు. కానీ జపాన్ గీషాలుగా చైనా నటీమణులా అన్న రగడ రేగి, చైనాలో ఆ చిత్రం విడుదలే కాలేదు. 2006లో 'మయామి వైస్', 2020లో 'మూలాన్' వచ్చాయి. 'మూలాన్'లో డేగగా మారే మంత్రగత్తె పాత్రకు రాసిన మాటలు ఆ స్థాయి నటికి అవమానమే. ఆమె బలం మౌనంలో, నానుతూ పెరిగే కోపంలో ఉంది. తొందరగా తెగే షాట్లలో దానికి చోటుండదు.

పదకొండేళ్ల విరామం తరువాత 2006లో జాంగ్ యిమోతో 'కర్స్ ఆఫ్ ద గోల్డెన్ ఫ్లవర్' చేశారు. బంగారు రంగుతో కళ్లు చెదరగొట్టే, కథ ఆ బరువు మోయలేని సినిమా. మందు పేరుతో భర్త పంపే విషాన్ని, విషమని తెలిసే, వేళ తప్పకుండా తాగే మహారాణి ఆమె. మందు గిన్నె పట్టుకున్న వేళ్ల వణుకును ఆపుకోవడంలోనే ఆమె తిరుగుబాటంతా కనిపిస్తుంది. హాంకాంగ్ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ నటిగా నిలిచారు.

2014లో వచ్చిన 'కమింగ్ హోమ్' ఆ జంట చివరి గొప్ప సినిమా. రాజకీయ ఖైదీ అయిన భర్త విడుదలై ఇంటికి వచ్చేసరికి భార్య ఫెంగ్ వాన్యు అతన్ని గుర్తుపట్టలేదు. ఐదో తారీఖున వస్తానని అతను రాసిన ఉత్తరం మాత్రం ఆమెకు గుర్తుంది. ప్రతి నెలా ఐదో తారీఖున భర్త పేరు రాసిన పలక పట్టుకుని రైల్వే స్టేషనుకు వెళ్తుంది. అతను పక్కనే ఉంటాడు, ఎవరో మంచి పొరుగువాడిలా. జ్ఞాపకం పోయిన మనిషిని నటించేవారు సాధారణంగా శూన్యంలోకి చూస్తారు. గాంగ్ లీ అలా చేయలేదు. ఆమె వాన్యు ఎప్పుడూ పనిలో ఉన్నట్టు ఉంటుంది, ఏదో సర్దుతూ, ఎవరికో సిద్ధమవుతూ, ఎదుటి మనిషి పట్ల మర్యాదగా. ఆ మర్యాదే భరించలేనిది. భర్తకు భార్య చూపించే చనువు అందులో లేదు, పరాయివాడికి చూపించే గౌరవం ఉంది. దేశం చేసిన గాయం గురించి ఉపన్యాసం ఒక్కటీ లేకుండానే అంతా తెలిసిపోతుంది.

తరువాతి ఏళ్లలో ఆమె సినిమాలు తగ్గించారు. 2019లో లౌ యె తీసిన నలుపు తెలుపు చిత్రం 'సాటర్డే ఫిక్షన్'లో 1941 నాటి షాంఘైలో గూఢచారి అయిన రంగస్థల నటిగా కనిపించారు. 2020లో 'లీప్'లో చైనా మహిళల వాలీబాల్ శిక్షకురాలు లాంగ్ పింగ్ పాత్ర వేశారు. యువ లాంగ్ పింగ్‌గా నటించింది లాంగ్ పింగ్ సొంత కూతురే. కాబట్టి పోలికలు వెతికే ప్రేక్షకులకు కొలబద్ద తెరమీదే సిద్ధంగా ఉంది. సింగపూర్ పౌరురాలు చైనా జాతీయ వీరవనితగా నటించడమేమిటని మళ్లీ అభ్యంతరాలు వచ్చాయి. గాంగ్ లీ లాంగ్ పింగ్ శిక్షణ ఇచ్చే చోటికి వెళ్లి ఆమెను గమనించారు. ఏళ్ల ఆటతో అరిగిపోయిన కీళ్ల వల్ల కాస్త బిగుసుకున్న నడక, చేతులు కట్టుకుని కోర్టు పక్కన నిలబడే తీరు, అరవకుండానే జట్టును శాసించే చూపు తెరమీదికి తెచ్చారు. అభ్యంతరపెట్టినవారికి ఆమె ప్రత్యేకంగా చెప్పవలసిన సమాధానమేదైనా ఉంటే, అది ఆ నడకలోనే ఉంది.